"ఐ డౌట్" అంటే అవుననా, కాదనా?

ప్రశ్న: మేడమ్, మాది చిత్తూరు పక్కన పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీకాం. రెండేళ్లుగా ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఎగుమతుల సెక్షన్‌లో పనిచేస్తున్నాను. మొన్న సీజన్లో ఇంగ్లాండుకు 80 డ్రమ్ముల తోతాపురి గుజ్జు కంటైనర్‌కి ఎక్కించేటప్పుడు రెండు డ్రమ్ముల అడుగున తడి కనిపించింది. వెంటనే కొనేవాళ్లకు "ఐ డౌట్ టూ డ్రమ్స్ ఆర్ లీకింగ్" అని మెయిల్ పెట్టాను. "గుడ్, ప్లీజ్ గో అహెడ్" అని జవాబొచ్చింది. పంపేశాం. అక్కడికి చేరాక ఐదు డ్రమ్ములు పాడయ్యాయని కబురు. "కారడం లేదని మీరే రాశారుగా" అని వాళ్లు, ఉందనే రాశానని నేను. రెండు డ్రమ్ములు ఐదెలా అయ్యాయో అర్థం కాక, ఆ టెన్షన్‌లో ఫోన్‌లో "ఐ డోంట్ బిలీవ్ యు" అనేశాను. అప్పటి నుంచి అక్కడి మేనేజర్ నాతో పొడిపొడిగా మాట్లాడుతున్నారు. ఇక్కడ మా మేనేజర్ "నీకు ఇంగ్లిష్ రాదు" అని అందరి ముందూ అన్నారు. నేను రాసిందాంట్లో తప్పేంటి? అనుమానం, నమ్మలేకపోవడం లాంటివి ఇంగ్లిష్‌లో ఎలా చెప్పాలి? ఇప్పుడు ఇంగ్లాండులోని ఆ మేనేజర్‌కు ఏమని రాయమంటారు?
— ఒక పాఠకుడు, చిత్తూరు జిల్లా

సమాధానం:

నాయనా, నా స్టూడెంట్ల వయసువాడివి, అందుకే నువ్వు అనే రాస్తున్నాను.

నీ ఉత్తరం చదివాక చాలాసేపు మనసు మనసులో లేదు. అందరి ముందూ "నీకు ఇంగ్లిష్ రాదు" అనిపించుకోవడం ఎలా ఉంటుందో నాకు తెలుసు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు ఆ ఒక్క మాట పడి, నెలల తరబడి నోరు తెరవకుండా వెనక బెంచీలో కూర్చోవడం తిరుపతిలో ముప్పై ఏళ్లు కళ్లారా చూశాను. అందుకే ముందు ఈ ముక్క చెప్పనీ. నువ్వు చేసింది ఇంగ్లిష్ రానివాళ్లు చేసే తప్పు కాదు. మా స్టాఫ్ రూములో ఎంఏ ఇంగ్లిష్ చదివినవాళ్లే "ఐ డౌట్ ద ప్రిన్సిపాల్ ఈజ్ ఆన్ లీవ్" అనేవాళ్లు. ప్రిన్సిపాల్ లీవులో ఉన్నట్టున్నారని వాళ్ల ఉద్దేశం. మాకందరికీ అలాగే అర్థమయ్యేది కూడా. మాట ఇంగ్లిష్‌దే అయినా చెప్పేవాళ్ల మనసులోనూ వినేవాళ్ల మనసులోనూ తెలుగే నడుస్తుంటుంది కాబట్టి ఏ ఇబ్బందీ రాదు. సముద్రం దాటినప్పుడే అది తిరగబడుతుంది.

ఇంకో మాట. తడి కనిపించిన డ్రమ్మును కంటైనర్‌ ఎక్కించకుండా పక్కన పెట్టడానికి ఇంగ్లిష్ అక్కర్లేదు. లోపలి సంచికి సూది మొనంత చిల్లు పడినా గాలి చేరి గుజ్జు పులిసిపోతుందని మీ ఫ్యాక్టరీలో అందరికీ తెలిసిందే. ఆ భారమంతా నీ ఒక్క వాక్యం మీదే వేసుకోకు.

ఇక నీ వాక్యం సంగతి. నీ మనసులో ఉన్నది "రెండు డ్రమ్ములు కారుతున్నాయని నా అనుమానం". ఆయనకు అందింది "రెండు డ్రమ్ములు కారుతున్నాయంటే నేను నమ్మను, కారడం లేదనే అనుకుంటున్నా" అని. అందుకే ఆయన హాయిగా "గుడ్" అన్నాడు. నువ్వు పంపింది హెచ్చరిక. ఆయన చదివింది భరోసా.

ఇలా ఎందుకైందో చూడు. తెలుగులో అనుమానం అనే మాటకు రెండు వైపులా పదునుంది. "వాడే తీశాడని నా అనుమానం" అంటే తీశాడనే వైపు మొగ్గుతున్నాం. "వాడు వస్తాడా అని నా అనుమానం" అంటే రాడనే వైపు మొగ్గుతున్నాం. మాట ఒకటే, మొగ్గు మాత్రం వేరు. ముందున్న క్రియ "తీశాడని" అని వచ్చిందా, "వస్తాడా అని" ప్రశ్నలా వచ్చిందా అన్నదాన్ని బట్టి మనం ఆలోచించకుండానే పట్టేస్తాం. ఇంగ్లిష్‌లో ఈ రెండు పనులకూ రెండు వేరువేరు మాటలున్నాయి. అవుననే వైపు మొగ్గితే "సస్పెక్ట్", కాదనే వైపు మొగ్గితే "డౌట్". మనం డౌట్ అన్న ఒక్క మాటనే తెచ్చుకుని, దాన్ని అనుమానం కూర్చునే ప్రతి చోటా కూర్చోబెట్టాం. చిక్కంతా అక్కడే ఉంది.

కాబట్టి మెయిల్ రాసే ముందు ఆ వాక్యాన్ని ఒక్కసారి తెలుగులో అనుకో. "కారుతున్నాయని అనుమానం" అని నోటికొస్తే సస్పెక్ట్ రాయి. "కారుతున్నాయా అని అనుమానం" అని వస్తే డౌట్ రాయి. ఇంగ్లిష్‌లో డౌట్ తర్వాత "ఇఫ్" గానీ "వెదర్" గానీ రావడం కూడా ఇందుకే: "ఐ డౌట్ వెదర్ హి విల్ కమ్". ఆ వెదర్ మన "వస్తాడా"లోని దీర్ఘం చేసే పనే చేస్తుంది. క్లాసులో ఈ పోలిక చెప్పిన రోజు పిల్లల ముఖాలు విచ్చుకోవడం నాకిప్పటికీ గుర్తుంది. ఏళ్ల తరబడి రూలుగా బట్టీపట్టింది తమ నోట్లోనే ఉందని తెలిసిన సంతోషం అది.

నిజానికి ఈ తేడా మన పాతవాళ్లకు కొత్త కాదు. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం (కోర్టుల చట్టం కాదు, మన పాత తర్కశాస్త్రం) చదివే పిల్లల్ని ఎవరినైనా అడిగి చూడు. వాళ్ల శాస్త్రంలో అనుమానం అంటే శంక కాదు. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పు ఉందని తేల్చుకోవడం అనుమానం. మసకచీకట్లో దూరంగా ఏదో నిలబడి ఉంటే, అది మోడా, మనిషా అని తేల్చుకోలేకపోవడం సంశయం. రెండూ వేరు. తర్వాత్తర్వాత వాడుకలో మనం రెంటినీ కలిపేశాం. నీ డ్రమ్ముల అడుగున కనిపించిన తడి, ఆ కొండ మీది పొగ లాంటిది. దాన్ని చూసి లోపల చిల్లు ఉందని నువ్వు అనుమానించావు, శాస్త్రం చెప్పిన అర్థంలోనే. అంటే నీకు కావాల్సింది సస్పెక్ట్.

"ఐ సస్పెక్ట్ టూ ఆఫ్ ద డ్రమ్స్ ఆర్ లీకింగ్." ఇదీ నువ్వు రాయాల్సిన వాక్యం. సస్పెక్ట్ అనగానే మనకు పోలీసులు, స్టేషనూ గుర్తొస్తాయి. అందుకే మామూలు మాటల్లో వాడటానికి జంకుతాం. జంకనక్కర్లేదు. వాన వచ్చేట్టుంటే "ఐ సస్పెక్ట్ ఇట్స్ గోయింగ్ టు రెయిన్" అని ఇంగ్లిష్‌వాళ్లు మామూలుగా అంటారు. క్రియగా వాడినప్పుడు రెండో అక్షరాన్ని ఒత్తి "సస్‌పెక్ట్" అనాలి. నేరం చేశాడని అనుమానిస్తున్న మనిషి అనే అర్థంలో నామవాచకంగా వాడితే మొదటి అక్షరాన్ని ఒత్తాలి. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ఇది పనికొస్తుంది. ఇంత కూడా ఎందుకనుకుంటే "టూ డ్రమ్స్ మే బి లీకింగ్. షల్ వి హోల్డ్ దెమ్ బ్యాక్?" అని రాస్తే చాలు. వ్యాపారపు మెయిళ్లలో నాకు ఇదే ఇంకా నచ్చుతుంది. అనుమానంతో పాటు ఏం చేయాలో కూడా అడుగుతోంది గనక.

మనుషుల విషయంలో ఈ తేడా ఇంకా పదునుగా ఉంటుంది. "దే సస్పెక్ట్ హిమ్" అంటే వాడే చేశాడని అనుకుంటున్నారు. "దే డౌట్ హిమ్" అంటే వాడి మాట నమ్మడం లేదు, లేదా వాడి వల్ల అవుతుందని అనుకోవడం లేదు. "ఐ డౌట్ మై అసిస్టెంట్" అని ఎవరైనా రాస్తే, ఆ అసిస్టెంట్ దొంగతనం చేశాడన్న సంగతి చదివేవాడికి చేరనే చేరదు.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. నీ వాక్యం లండన్‌లో తిరగబడింది గానీ స్కాట్లాండులో ఏ పెద్దాయన చేతిలోనో పడి ఉంటే, ఆయన నువ్వనుకున్నట్టే అర్థం చేసుకునేవాడేమో. అక్కడి వాడుకలో "ఐ డౌట్ ఇట్ విల్ రెయిన్" అంటే వాన పడేట్టుందే అని. ఒకప్పటి ఇంగ్లిష్‌లో డౌట్‌కు భయపడటం అనే అర్థం ఉండేది. "వాన పడుతుందేమోనని భయంగా ఉంది" అన్న ఆ పాత ఛాయ అక్కడ మిగిలిపోయింది. నువ్వు వాడింది బుద్ధికి అందని తప్పేమీ కాదు, మాట పుట్టినిల్లున్న దీవిలోనే దానికో చుట్టం ఉందని నీకు తెలియాలనే ఇది చెప్పాను. అలాగని మళ్లీ వాడకు.

ఆ మాట పుట్టుక కూడా అందంగా ఉంటుంది. లాటిన్‌లో దానికి మూలమైన "దుబితారే"కి, రెండు అనే అర్థమున్న "దువో"కి చుట్టరికం. మనసు రెండుగా చీలి అటా ఇటా అని ఊగడమన్న మాట. "మనసు రెండు విధాలా పోతోంది" అని మనమూ అంటాం కదా, ఇంగ్లిష్‌వాళ్లు "ఐ యామ్ ఇన్ టూ మైండ్స్" అంటారు. ఫ్రెంచి వాళ్ల దగ్గర నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చినప్పుడు ఆ స్పెల్లింగులో "బి" లేదు. లాటిన్ మూలం కనబడాలని పండితులు తర్వాత దాన్ని దూర్చారు. అందుకే అది రాతలో ఉంటుంది, పలుకులో ఉండదు.

"ఐ హావ్ ఎ డౌట్" గురించి నువ్వు అడగలేదు గానీ, నీ పనిలో అది కూడా వచ్చి తీరుతుంది. ఎల్‌కేజీ నుంచి మనందరం చెయ్యెత్తి అడిగిన మాట అది. మన దేశమంతటా డౌట్ అంటే అడగాల్సిన ప్రశ్న. బయటివాళ్లకు మాత్రం "మీరు చెప్పింది నమ్మబుద్ధి కావడం లేదు" అన్నట్టు వినబడుతుంది. ఇన్‌వాయిస్‌లో ఒక అంకె అర్థం కాక "ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ ఇన్‌వాయిస్" అని రాశావనుకో, వాళ్ల లెక్కను శంకించినట్టే. "ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్ ద ఇన్‌వాయిస్" అను, గొడవే లేదు. స్పానిష్ మాట్లాడేవాళ్లు కూడా ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు సరిగ్గా ఇదే పొరపాటు చేస్తారు. వాళ్ల భాషలోనూ ప్రశ్న అడగాలంటే "నాకో సందేహం ఉంది" అనే అంటారు మరి. క్లాసులో మన పిల్లలు "మేడమ్, డౌట్" అంటే మాత్రం నేనెప్పుడూ దిద్దలేదు. చెయ్యెత్తడమే గొప్ప.

చిన్నవి రెండు. "ఐ యామ్ డౌటింగ్" అనకు, "ఐ డౌట్" అను. నమ్మడం, తెలియడం, అనుమానించడం లాంటి మాటలకు సాధారణంగా ఐఎన్‌జీ తగిలించరు. రెండోది, మనం "రాడనుకుంటా" అంటాం, లేదన్న ముక్క రావడానికి అంటుకుంటుంది. ఇంగ్లిష్‌లో అది అనుకోవడం మీదికి ఎక్కుతుంది: "ఐ డోంట్ థింక్ హి విల్ కమ్". "ఐ థింక్ హి విల్ నాట్ కమ్" అంటే తప్పు కాదు గానీ కాస్త మొండిగా వినబడుతుంది.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన సంగతి. అనుమానం చెప్పడానికి తెలుగులో ఉన్నంత సన్నని పనిముట్లు చాలా భాషల్లో లేవు. ఒక్క "ట" చూడు. "షిప్ లేటు" వేరు, "షిప్ లేటట" వేరు. ఆ ఒక్క అక్షరంతో "ఇది నేను చూసింది కాదు, ఎవరో చెప్పింది, నా పూచీ లేదు" అని మూడు ముక్కలూ చెప్పేస్తాం. మీ ఊళ్లో "లేటంట" అంటారు, అదే. ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు మనం ఈ "అట"ను గుమ్మం దగ్గరే వదిలేస్తాం. చెన్నై రేవు నుంచి ఏజెంటు ఫోన్ చేసి ఓడ రెండు రోజులు ఆలస్యమట అంటే, నువ్వు "ద వెసెల్ ఈజ్ డిలేడ్ బై టూ డేస్" అని మెయిల్ పెడతావు. ఏజెంటు పూచీ కాస్తా నీ నెత్తికి ఎక్కింది. "అవర్ ఏజెంట్ టెల్స్ అస్ ద వెసెల్ ఈజ్ డిలేడ్" అని రాస్తే "అట" అందులోకి వచ్చేసినట్టే. మాటల్లో అయితే "అపారెంట్లీ" సరిపోతుంది. అపారెంట్లీ అంటే స్పష్టంగా అని చాలామంది పొరబడతారు. కాదు, అది అచ్చంగా మన "అట". దాని పక్కనే "సపోజెడ్లీ" ఉంది, దాంతో జాగ్రత్త. అందులో నమ్మడం లేదన్న వాసన ఉంటుంది. "హి ఈజ్ సపోజెడ్లీ ఇల్" అంటే, "ఒంట్లో బాలేదట, మనం నమ్మాలట" అన్నట్టు. "అలెజ్డ్లీ" కోర్టులది, పేపర్లది. నీకు అవసరం రాదు.

అలాగే "ఏమో". భుజాలు కాస్త పైకెత్తి "ఏమో" అంటే మన దగ్గర అది పూర్తి జవాబు. ఫోన్‌లో భుజాలు కనబడవు. "ఐ యామ్ నాట్ షూర్, లెట్ మి చెక్" అను. "మే బి" అని ఒక్క మాట అని ఊరుకుంటే పట్టనట్టు ఉంటుంది. "వస్తుందేమో"కి "ఇట్ మైట్ కమ్" చాలు.

నీ రెండో దెబ్బకు వద్దాం, "ఐ డోంట్ బిలీవ్ యు".

చిత్తూరు మనిషివి, నీకు కాణిపాకం గురించి నేను చెప్పక్కర్లేదు. ఎవరి మీదైనా నింద పడి, "నేను కాదు" అన్నా అవతలివాళ్లు నమ్మకపోతే చివరికొచ్చే మాట ఒకటుంది: "కాణిపాకంలో ప్రమాణం చేస్తావా?" కోనేట్లో మునిగి, వరసిద్ధి వినాయకుడి ముందు నిలబడి ప్రమాణం చేస్తే ఇక ఆ గొడవ అక్కడితో సరి. ఆ మాటను ఎవరూ తేలిగ్గా అనరు. అన్నాక ఆ రెండిళ్ల మధ్య పాత చనువు మిగలడం కష్టం. అబద్ధమాడావని ముఖాన అన్నట్టే కదా. ఇంగ్లిష్‌లో "ఐ డోంట్ బిలీవ్ యు" బరువు ఆ మెట్టు మీద ఉంది. స్నేహితుల మధ్య నవ్వుతూ "పో, నేను నమ్మను" అన్నట్టు అనుకుంటే ఫర్వాలేదు. డబ్బు వ్యవహారంలో, ముఖం కనబడని ఫోన్‌లో, నువ్వు అబద్ధాలకోరువి అన్నట్టే తగులుతుంది. ఆయన పొడిగా మాట్లాడుతున్నాడంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.

ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది, మనిషిని వదిలి మాటను పట్టుకోవడం. "యు" బదులు "దట్" రావాలి. "ఐ ఫైండ్ దట్ హార్డ్ టు బిలీవ్" అంటే ఆ సంగతి మింగుడు పడటం లేదని. దానికన్నా మెత్తగా "ఐ యామ్ నాట్ ఎంటైర్లీ కన్విన్స్‌డ్" అనొచ్చు. అంతకన్నా మెత్తనిది "ఐ హావ్ సమ్ రిజర్వేషన్స్ అబౌట్ దట్". రిజర్వేషన్ అంటే మనకు ఆర్టీసీ బస్సూ, రైలూ, ఉద్యోగాలూ గుర్తొస్తాయి. ఇక్కడ మాత్రం మనసులో కొంత వెనక్కి పట్టుకున్నామని, పూర్తిగా ఒప్పుకోలేదని. అన్నిటికన్నా మర్యాదైనది అసలు నమ్మకం ఊసే ఎత్తకపోవడం: "దట్ డజ్ నాట్ మ్యాచ్ అవర్ రికార్డ్స్". మా కాగితాలతో సరిపోవడం లేదు, అంతే. ఎవరు అబద్ధమాడారన్న ప్రశ్నే రాదు.

ఇది ఎదురు వైపు నుంచి కూడా తెలిసుండాలి. ఇంగ్లాండు వాళ్లు కోపాన్నీ కాదనడాన్నీ చాలా పలచగా చేసి చెబుతారు. "ఐ యామ్ నాట్ షూర్ దట్స్ క్వైట్ రైట్" అని ఆయన రాస్తే, "ఆయనకే సరిగా తెలియదేమో" అని మనం అనుకుంటాం. నిజానికి ఆయన అంటున్నది "నువ్వు చెప్పింది తప్పు" అని. "విత్ రెస్పెక్ట్" అని మొదలుపెడితే, వెనకాల గట్టిగా కాదనబోతున్నాడని అర్థం. మనం మాటలకు గౌరవం కలిపేది దగ్గరవడానికి. వాళ్లు అక్కడ కలిపేది దెబ్బ మెత్తబడటానికి. పాత మెయిళ్లు ఒకసారి తీసి చూసుకో, ఆయన ముందే రెండు మూడు సార్లు ఏదో చెప్పి ఉంటాడు, మీకెవరికీ వినబడి ఉండదు.

"బెనిఫిట్ ఆఫ్ ద డౌట్" క్రికెట్ వల్ల, కోర్టుల వల్ల అందరికీ తెలిసిందే. అవుటో కాదో తేలకపోతే బ్యాట్స్‌మన్ పక్షాన ఉండటం. కొనేవాడికి మాత్రం "వి విల్ గివ్ యు ద బెనిఫిట్ ఆఫ్ ద డౌట్" అని రాయకు. నిన్ను ఈసారికి క్షమించాం అన్నట్టు ఉంటుంది.

ఇక జాతీయాలు. అందరూ వీటినే ముందు నేర్చుకోవాలనుకుంటారు. నేనైతే చివరికి పెడతాను. వినబడితే అర్థమైతే చాలు, నువ్వు వాడితీరాలని లేదు. "ఎక్కడో తేడా కొడుతోంది" అని మనం అనేచోట వాళ్లు "సమ్‌థింగ్ ఈజ్ ఫిషీ" అంటారు, లేదా ఎలుక వాసన వస్తోందంటారు, "ఐ స్మెల్ ఎ ర్యాట్" అని. "నా చెవిలో పువ్వు పెట్టకు" అనేచోట "ఐ వజంట్ బార్న్ ఎస్టర్డే", నేను నిన్న పుట్టలేదులే అని. మన కాకమ్మ కథకు "టాల్ స్టోరీ". "టూ గుడ్ టు బి ట్రూ" మాత్రం తిరుపతిలో ప్రతి ఇంటి గోడ మీదా రాసి పెట్టుకోవాల్సిన మాట. నమ్మలేనంత బాగుందంటే నమ్మకూడదనే. దర్శనం టికెట్లు ఇప్పిస్తామనే నకిలీ వెబ్‌సైట్ల గురించి దేవస్థానం ఎన్నిసార్లు హెచ్చరించినా దూరం నుంచి వచ్చిన భక్తులు ఇంకా డబ్బు పోగొట్టుకుంటూనే ఉన్నారు. చూస్తుంటే కడుపు తరుక్కుపోతుంది.

"టేక్ ఇట్ విత్ ఎ పించ్ ఆఫ్ సాల్ట్" గురించి మాత్రం కాస్త ఎక్కువ చెప్పాలి. మనకు చిటికెడు ఉప్పంటే మామిడికాయ ముక్క మీద చల్లుకునేది, రుచి పెంచేది. అందుకే ఈ మాట వినగానే మన పిల్లలు "ఇంకా ఇష్టంగా విను" అని అర్థం చెప్పేవాళ్లు. అసలు అర్థం, విన్నదంతా నమ్మేయకు అని. ఒకటో శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, విషానికి విరుగుడు మందు ఒకటి రాశాడు. రెండు ఎండు అక్రోటులు, రెండు అత్తిపండ్లు, ఇరవై సదాపాకులు కలిపి నూరి, అందులో ఒక ఉప్పురవ్వ వెయ్యమన్నాడు. ఆ ఉప్పురవ్వ నుంచే ఈ మాట పుట్టిందంటారు. అమెరికావాళ్లు ఇప్పటికీ పించ్ అనరు, "గ్రెయిన్ ఆఫ్ సాల్ట్" అనే అంటారు.

"డౌటింగ్ థామస్" అంటే కళ్లతో చూసి చేత్తో తాకితే తప్ప నమ్మని మనిషి. ఏసు మళ్లీ లేచాడని తోటి శిష్యులు చెప్పినా, గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్నాడట థామస్. యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది. ఆ థామసే తర్వాత మన దేశానికి వచ్చాడని, చెన్నైలో విమానాశ్రయం దగ్గరున్న సెయింట్ థామస్ మౌంట్ మీద ప్రాణాలు విడిచాడని క్రైస్తవుల నమ్మకం. మీ కంటైనర్లు రేవుకు వెళ్లే ఊరే అది.

ఒక జంట మాటల దగ్గర మాత్రం జాగ్రత్త. "ఇన్‌క్రెడిబుల్" నమ్మశక్యం కాని సంగతికి, "ఇన్‌క్రెడ్యులస్" నమ్మలేకపోతున్న మనిషికి. పైగా ఇన్‌క్రెడిబుల్, అన్‌బిలీవబుల్ ఇప్పుడు ఎక్కువగా పొగడ్తలే. మీ గుజ్జు తిని ఎవరైనా "అన్‌బిలీవబుల్" అంటే నమ్మడం లేదని కాదు, అద్భుతంగా ఉందని.

ఇప్పుడు ఆయనకు రాయాల్సింది. ముందు తప్పు సరిదిద్దుకో, తర్వాత నోరు జారినదానికి క్షమాపణ చెప్పు, ఆ తర్వాతే లెక్క అడుగు. ఇలా:

"ఐ యామ్ సారీ ఫర్ ద కన్‌ఫ్యూజన్. ఐ రోట్ 'ఐ డౌట్' వెన్ ఐ మెంట్ 'ఐ సస్పెక్ట్'. ఐ ఆల్సో స్పోక్ టూ షార్ప్‌లీ ఆన్ ద ఫోన్, అండ్ ఐ అపాలజైజ్. వి హాడ్ నోటిస్డ్ మాయిశ్చర్ అండర్ టూ డ్రమ్స్ బిఫోర్ లోడింగ్, సో వి ఆర్ ఫైండింగ్ ఇట్ హార్డ్ టు అకౌంట్ ఫర్ ఫైవ్. కుడ్ యు ప్లీజ్ సెండ్ అస్ ద డ్రమ్ నంబర్స్ అండ్ ఫొటోగ్రాఫ్స్?"

"హార్డ్ టు అకౌంట్ ఫర్" అంటే లెక్క తేలడం లేదని. ఇందులో నువ్వు నమ్మనిది ఐదు అనే అంకెను, ఆయన్ను కాదు. ఆయన చెప్పింది నిజమే అయ్యుండొచ్చు కూడా. దారిలో ఇంకో మూడింటికి దెబ్బ తగిలిందేమో, ఫొటోల్లో తేలిపోతుంది. తప్పు ఒప్పుకుంటున్న కాగితం కాబట్టి, పంపేముందు మీ మేనేజర్‌కు తప్పకుండా చూపించు. నీ తరఫున నేను రాసినదాన్ని కూడా ఆయనకు చూపించు, అభ్యంతరం లేదు.

మెయిల్ వెళ్లాక ఒక ఫోన్ కూడా చెయ్యి. ఆ మూడో వాక్యం, నోరు జారినదానికి క్షమాపణ ఉన్నది, చదవడం కన్నా నీ గొంతులో వినడం ఆయనకు బాగుంటుంది. వేసవిలో ఇంగ్లాండులో పొద్దున తొమ్మిదంటే మనకు మధ్యాహ్నం ఒంటిగంటన్నర. కడుపు నిండా అన్నం తిని, మెషిన్ల చప్పుడు లేని గదిలో కూర్చుని చెయ్యి.